మలుపు కాపలా

ట్వీడ్ నది పొంగి, తూర్పున రైలు వంతెనలు కొట్టుకుపోయిన ఏడాది అది. ఆగస్టులో వచ్చింది వరద. సెప్టెంబరు నాటికి నీళ్లు తీశాయి గానీ ఒండ్రు తీయలేదు. కంచె తీగల మీద మనిషెత్తున ఎండుగడ్డి వేలాడుతూనే ఉంది. కొట్టుకుపోయిన గొర్రెల ఉన్ని ముళ్లపొదలకు పట్టుకుని గాలికి ఊగుతుంటే, దూరం నుంచి చూసినవాళ్లు అకాలంలో పూత పట్టిందనుకునేవాళ్లు.

ఆడమ్ ఓర్మిస్టన్‌కు ఆ నెలంతా ఒకటే పని. కెల్సో ఊరికి ఇవతల రోడ్డు మీద పేరుకున్న ఒండ్రు పారతో గీకి, ఒంటిచక్రం బండికెత్తి, పల్లంలో పోసి రావడం. అతను కౌంటీ వాళ్ల రోడ్డు కూలీ. అరవై దాటాయి. మాట్లాడడం తక్కువ. రోజంతా రోడ్డు మీద ఒక్కడే ఉండే మనిషికి మాటతో పనేముంది.

ఆదివారం తెల్లవారుజామున మాత్రం ఇంకో పని ఉండేది, జీతం లేనిది. సైకిల్ పందెంలో మలుపు కాపలా.

ఆ పందెం పాతిక మైళ్లు. మెల్‌రోజ్ ఊరి చివర బయలుదేరి పన్నెండున్నర మైళ్లు వెళ్లాలి. అక్కడ రోడ్డుకు అడ్డంగా వేసిన సున్నపు గీత మీద ఒక మనిషి నిలబడి ఉంటాడు. అతన్ని చుట్టి, వచ్చిన దారినే వెనక్కి పోవాలి. అందరూ ఒక్కసారి బయలుదేరరు. నిమిషానికొకరు. ఒకరి వెనక ఒకరు నక్కి తొక్కకూడదు. మనిషీ, గడియారమూ, అంతే. మలుపు తిరిగేటప్పుడు ఎవరి నంబరు వాళ్లు గట్టిగా అరుస్తారు. ఆ మనిషి చీటీలో రాసుకుంటాడు. చీటీలోకెక్కని నంబరుకు కాలం లేదు. వాడెంత తొక్కినా తొక్కనట్టే.

ఇరవై రెండేళ్లుగా ఆ గీత మీద నిలబడుతున్నది ఆడమ్. బళ్లో మూడేళ్లు చదివాడు. అక్షరాలు ఆలస్యంగా వస్తాయి గానీ అంకెలు ఆగవు.

ఆ ఆదివారం నది మీద నుంచి పొగమంచు లేచి రోడ్డును మింగేసింది. చేయి చాపితే వేళ్లు కనపడవు. ఆడమ్ గీత మీద నిలబడి విన్నాడు. అలాంటి పొద్దున చెవులే కళ్లు. ముందు సన్నటి రొద వస్తుంది, తుమ్మెద సీసాలో ఇరుక్కున్నట్టు. సన్నటి చక్రాలు తారు మీద పాడే పాట అది. రొద పెరుగుతుంది. తర్వాత మంచులోంచి, నీళ్లలోంచి నీటికుక్క తల ఎత్తినట్టు, ఒక తల బయటికొస్తుంది. నల్లటి బట్టలు, తడిసిన కనుబొమలు. "నాలుగు!" అని అరుస్తాడు. ఆడమ్ చుట్టూ తిరుగుతుంటే ముఖానికి గాలి తగులుతుంది, కాస్త నూనె వాసన. మళ్లీ మంచే. పెన్సిలు నాలుకకు తడిచేసి ఆడమ్ రాసుకుంటాడు: నాలుగు.

నాలుగు వచ్చాక ఏడు, ఏడు తర్వాత ఆరు. ఒక్కొక్కడూ కలలో వచ్చి కలలో పోయినట్టే. అందరిలోకీ దగ్గరగా తిరిగినవాడు పదకొండో నంబరు రోనీ బ్రైడన్. వాడి మోచేయి ఆడమ్ కోటు గుండీని రాసుకుంటూ పోయింది. "పొద్దున్నే గంజి తాగావా ముసలాయనా!" అని నంబరుతో పాటు అదీ అరిచి పోయాడు.

పద్దెనిమిదో నంబరు వచ్చి వెళ్లింది. గడియారం పట్టే కాలనిర్ణేత ఇచ్చిన కాగితంలో ఉన్నవి పద్దెనిమిది పేర్లే. ఆడమ్ ఇంకాసేపు నిలబడ్డాడు. ఏమీ వినపడలేదు. చీటీ మడిచి టోపీలో పెట్టుకుని, పాత సైకిలు నడిపించుకుంటూ ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాడు.

పావు మైలు పోయాడో లేదో, మంచులో ఎదురుగా మళ్లీ ఆ రొద. సన్నగా, ఒకే శ్రుతిలో. పక్కకు జరిగాడు. నల్లటి ఆకారం ఒకటి దాటిపోయింది. నంబరు కనపడలేదు. ఎవరో ఊరికే తొక్కుతున్నారనుకున్నాడు. గట్టు మీద కూర్చుని పైపులో పొగాకు కూరాడు. తడికి అగ్గిపుల్ల అంటుకోలేదు. రెండోదీ అంటుకోలేదు. మూడోది అంటుకుంది. రెండు దమ్ములు పీల్చేసరికి ఆ రొదే వెనక నుంచి వచ్చి, అతన్ని దాటి, ఎత్తు ఎక్కిపోయింది. ఎత్తులో కూడా శ్రుతి మారలేదు. అది ఆడమ్‌కు గుర్తుండిపోయింది.

అతను మెల్‌రోజ్ చేరేసరికి పందెగాళ్లంతా టీకి వెళ్లిపోయారు. సైకిల్ సంఘం కార్యదర్శీ కాలనిర్ణేతా అయిన కెయిర్న్‌క్రాస్ గారు ఒక్కరే ఉన్నారు. ఊళ్లో మందుల షాపు ఆయనది. కారు బానెట్ మీద కాగితాలు పరచుకుని, సెకన్లు కొలిచే రెండు గడియారాలకూ మూతలు వేసుకుంటున్నారు. ఆడమ్ చీటీ ఇచ్చి, ఎప్పటిలాగే ఆయన వేలు చూపించిన చోట సంతకం పెట్టి ఇంటికొచ్చాడు.

*

మంగళవారం సాయంత్రం అతను రోడ్డు పక్కన నీళ్లు పోయే గాడి తవ్వుతున్నాడు. గాడి తవ్వడం చూసేవాడికి సులువు. పచ్చిక చెక్కను మూడు వైపులా కోసి, నాలుగో వైపు చర్మంలాగా వదిలి, మడత పెట్టాలి. వాన నీరు ఆ మడత కింద నుంచి పల్లానికి జారాలి. అలా నాలుగోది మడత పెడుతుంటే ఒక సైకిలు వచ్చి ఆగింది.

"ఓర్మిస్టన్ తాతా!"

తల ఎత్తాడు. ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్ల. గాలాషీల్స్ ఉన్ని మిల్లులో నేతపని చేసే అమ్మాయి అని జుట్టులోని ఉన్ని పోగులు చూస్తే తెలుస్తుంది.

"నన్ను గుర్తుపట్టావా?"

"సైకిలు రొదను గుర్తుపట్టాను. ఆదివారం ఎత్తులో దాటిపోయింది."

"అంటే నువ్వు చూశావు!" ఆ పిల్ల సైకిలు గట్టుకు పడేసింది. "నా పేరు ఐసా ఫేర్‌గ్రీవ్. పంతొమ్మిదో నంబరు."

"పద్దెనిమిదే ఉన్నాయి కాగితంలో."

"ఆడదాని పేరు ఎక్కితే కాగితం చిరిగిపోతుందన్నట్టు చేశారు కెయిర్న్‌క్రాస్ గారు. ఏడాది నుంచీ అడుగుతున్నా. ఆఖరికి సరే తొక్కమన్నారు. మగాళ్లకు అడ్డం రాకుండా, పద్దెనిమిదోవాడు పోయాక పది నిమిషాలు ఆగి పొమ్మన్నారు. మలుపు దగ్గర ముసలాయనకు చెప్పానులే అన్నారు."

"చెప్పలేదు."

"చెప్పలేదని నాకిప్పుడు తెలిసింది." ఆమె ముక్కు ఎగబీల్చింది. చలికో, కోపానికో. "గంటా ఆరు నిమిషాల ముప్ఫై రెండు సెకన్లు తాతా. ఆయనే, ఆయన గడియారాలతోనే నొక్కారు. బ్రైడన్‌ది గంటా ఏడు. నొక్కి, గడియారం చూసుకుని, మళ్లీ చూసుకుని, 'ఇది కుదరదే' అన్నారు. అదీ నాకు దక్కిన శభాషు."

ఆడమ్ పార ఒరగబెట్టాడు.

"నీ గీత దగ్గరికొస్తే నువ్వు లేవు. అయినా గీత చుట్టే తిరిగాను. పంతొమ్మిది అని అరిచాను కూడా. ఎవరూ పలకలేదు. ఒక గొర్రె పలికింది." ఆమె నవ్వబోయి మానేసింది. "నంబరు చీటీలో లేదు కాబట్టి మంచులో సగం దారిలోనే వెనక్కి తిరిగొచ్చానంటున్నారు. మిల్లులో ఏమంటున్నారో తెలుసా? 'ఫేర్‌గ్రీవ్ పిల్ల నేసిన గుడ్డ కొలిచి తీసుకోండర్రా, సగమే ఉంటుంది' అని. ఎదురుగా మగ్గం మీద ఉండేది నా సొంత పిన్ని. అదీ నవ్వింది."

రోడ్డు మీద గడ్డిబండి ఒకటి పోయింది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు.

"గురువారం కమిటీ కూర్చుంటోంది. నువ్వొచ్చి, తిరగడం చూశానని చెప్పు. ఒక్క మాట. నువ్వు రెండో మాట మాట్లాడవని అందరికీ తెలుసు, నమ్ముతారు."

ఆడమ్ పచ్చిక మడతను బూటుతో నొక్కాడు.

"నేను చూడలేదమ్మాయ్."

"నేను తిరిగాను."

"తిరిగావు."

"మరి?"

"చూడలేదు."

ఐసా అతని వంక చూసింది. సైకిలు లేపుకుంది. "నీ పార నయం తాతా. రాయి తగిలితే కనీసం ఠంగుమంటుంది," అని పెడలు మీద కాలు వేసింది. ఆ చక్రాల పాట దూరమవుతుంటే ఆడమ్ వింటూ నిలబడ్డాడు. ఆదివారంనాటి శ్రుతే.

*

బుధవారం అతను మలుపు దగ్గరే పనిచేశాడు. అక్కడ పని లేదు. ఒండ్రు ఎప్పుడో గీకేశాడు. అయినా బండి తోసుకుని వెళ్లాడు.

మధ్యాహ్నం రొట్టె, జున్ను తిని, బండి బోర్లించి దాని మీద కూర్చున్నాడు. ఎండ పలచగా ఉంది. నది అవతల మూడు శిఖరాల కొండ, కింద మంచు, పైన ఆకాశం, దేనికీ అంటకుండా తేలుతోంది. వరద వచ్చినప్పటి నుంచీ ఆ లోయలో ఏదీ దాని చోట ఉన్నట్టు అనిపించడం లేదు అతనికి. ఎవరి ఇంటి తలుపో ఇంకెవరి పొలంలోనో నిలబడి ఉంటోంది. ఎవరి గడ్డివామో నది ఒడ్డున సముద్రం వైపు చూస్తూ ఉంటోంది. నిలబడ్డచోటే నిలబడి ఉన్నది తనొక్కడేనని అనుకుంటూ వచ్చాడు ఇన్నాళ్లూ.

సున్నపు గీత సగం చెరిగింది. అక్కడ్నుంచి ఎత్తు వైపు అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. నాలుగు వందల నలభై. గట్టు మీద, అదే చోట, కూర్చున్నాడు. పైపు కూరాడు. మూడు అగ్గిపుల్లలు, మొదటి రెండూ కావాలని ఆర్పి, గీశాడు. రెండు దమ్ములు. కళ్లు మూసుకుని ఆ రొదను మనసులో పోనిచ్చాడు, గీత దాకా. అక్కడ నెమ్మదించనిచ్చాడు. ఒక పిల్ల తెల్లటి శూన్యంలో తన నంబరు తనే అరిచి, జవాబు కోసం వింటుంది. గొర్రె పలుకుతుంది. రొద మళ్లీ మొదలవుతుంది. సరిగ్గా రెండో దమ్ముకు వచ్చి అతన్ని దాటింది.

కళ్లు తెరిస్తే రోడ్డు ఖాళీగా ఉంది.

తిరిగింది. తనకు తెలుసు. కానీ తెలియడం వేరు, చూడడం వేరు. చూసింది రాసేవాడే మలుపు కాపలా. తెలిసింది కూడా రాయడం మొదలుపెడితే ఆ గీత మీద మనిషెందుకు, పాదిరి గారిని నిలబెడితే సరిపోతుంది.

గురువారం ఆదివారపు కోటు వేసుకుని బస్సెక్కాడు.

*

కమిటీ కూర్చునేది మెల్‌రోజ్‌లో సారా అమ్మని హోటలు మేడ గదిలో. సాయంత్రం ఏడు కొట్టినా కిటికీలో ఇంకా వెలుగుంది. బల్లకు ఒకవైపు కెయిర్న్‌క్రాస్ గారూ, ముగ్గురు కమిటీ పెద్దలూ. గోడ వారన బెంచీ మీద పందెగాళ్లు ఐదారుగురు, వాళ్ల మధ్య కాళ్లు చాపుకుని బ్రైడన్. ఐసా తలుపు దగ్గర నిలబడి ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"రావయ్యా ఓర్మిస్టన్," అన్నారు కెయిర్న్‌క్రాస్ గారు. "నిన్ను శ్రమపెట్టడం నాకిష్టం లేదు. ఈ అమ్మాయి పట్టుబట్టింది. ఆదివారం ఈమె మలుపు తిరగడం నువ్వు కళ్లారా చూశావా?"

"లేదు."

ఐసా కిటికీ వైపు తిరిగింది.

"అంతే. రాసుకోండి," అన్నారాయన పక్కనున్న పెద్దమనిషితో.

"పోవడం విన్నాను," అన్నాడు ఆడమ్. "రావడం విన్నాను. మధ్యలో పైపు కూరి ముట్టించాను. గీత దాకా పోయి రావడానికి అంతే పడుతుంది. నిన్న కొలిచాను."

బెంచీ మీద నవ్వులు లేచాయి. కెయిర్న్‌క్రాస్ గారు కూడా మీసం కింద నవ్వారు. "మనది పొగాకుతో కాలం కొలిచే సంఘం కాదయ్యా."

"పుల్ల తొందరగా అంటుకుని ఉంటే ఆ పిల్ల ఓడిపోయేదే!" అన్నాడు బ్రైడన్. "ఎన్ని పుల్లలు పట్టాయి ముసలాయనా?"

"మూడు," అన్నాడు ఆడమ్.

మళ్లీ నవ్వులు. అవి తగ్గేదాకా ఆడమ్ టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తర్వాత బల్ల దగ్గరికొచ్చాడు.

"నేను సంతకం పెట్టిన కాగితం ఏదండీ?"

"ఎందుకు?"

"చదవండి."

"నువ్వు పెట్టిన సంతకమే కదా."

"నాకు చదవడం ఆలస్యం. ఇరవై రెండేళ్లుగా మీరు వేలు పెట్టిన చోట పెడుతున్నాను. చదవండి."

కెయిర్న్‌క్రాస్ గారు కట్ట విప్పి కాగితం తీశారు. మందుల చీటీ చదివినట్టు గబగబా చదివారు. "'చివరి పందెగాడు మలుపు తిరిగేవరకు నేను నా స్థానం విడిచి వెళ్లలేదని ధ్రువీకరిస్తున్నాను.' ఇంతే."

"అది అబద్ధం," అన్నాడు ఆడమ్. "చివరి మనిషి ఈ అమ్మాయి. అప్పటికి నేను ఎత్తులో గట్టు మీద కూర్చుని ఉన్నాను."

"ఈమె జాబితాలో లేదు కదయ్యా!"

"లేని మనిషికి గడియారం ఎందుకు నొక్కారు?"

కింద వంటింట్లో గిన్నె ఏదో పడి దొర్లి ఆగింది. కెయిర్న్‌క్రాస్ గారి చెవులు ఎర్రబడ్డాయి. కమిటీలో అందరికంటే పెద్దాయన, అంతవరకూ నిద్రపోతున్నాడని అందరూ అనుకున్నవాడు, సంఘం నిబంధనల పుస్తకం ముందుకు లాక్కుని కళ్లద్దాలు సర్దుకున్నాడు. వేలితో వరసలు వెతికాడు.

"కాపలా లేని మలుపుకు ఫలితం లేదు," అని చదివాడు. పుస్తకం మూశాడు. "ఫలితం లేదంటే ఎవరికీ లేదు కెయిర్న్‌క్రాస్. పద్దెనిమిది మందికీ."

బ్రైడన్ చాపిన కాళ్లు లాక్కుని లేచాడు. "ఏంటీ? నా గంటా ఏడు?"

"పోయింది."

"నా నంబరు రాశాడుగా! పదకొండు! చీటీలో ఉంది చూడండి! రాశావా లేదా ముసలాయనా?"

"రాశాను," అన్నాడు ఆడమ్. "బాగా తిరిగావు. గుండీ ఊడేలా. కానీ కాగితం చెల్లదు బాబూ."

తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఆడమ్ చెప్పాల్సింది అయిపోయింది. చివరికి తేలింది ఒకటే. ఈ ఏడాది పందేలకు ఇంకొక్క ఆదివారం మిగిలి ఉంది. పందెం మళ్లీ పెట్టాలి.

"పాత జాబితాతోనే," అన్నారు కెయిర్న్‌క్రాస్ గారు. "పద్దెనిమిది మంది."

"అయితే పదిహేడు అని రాసుకోండి," అన్నాడు బ్రైడన్. వాడి ముఖం గట్టిపడి ఉంది. "ఈమె లేకుండా నేను గెలిస్తే గాలాషీల్స్‌లో ఏమంటారో తెలుసా? మంచు గెలిపించిందంటారు. మా అమ్మే అంటుంది. ఈమెను ఎక్కించండి. నా ముందో వెనకో నిమిషం తేడాతో పంపండి. ఎదురుగా ఓడిస్తాను."

"నా దుమ్ము కళ్లల్లో పడకుండా చూసుకో," అంది ఐసా తలుపు దగ్గర నుంచి.

పంతొమ్మిదో పేరు రాసేటప్పుడు కెయిర్న్‌క్రాస్ గారి కలం రెండుసార్లు ఆగింది. రాసి, అద్దుడు కాగితం వేసి, తల ఎత్తకుండానే అన్నారు: "ఆదివారం మలుపు దగ్గర వేరే మనిషి ఉంటాడు ఓర్మిస్టన్. చోటు విడిచి వెళ్లానని నీ నోటితోనే చెప్పావు."

"అలాగే," అన్నాడు ఆడమ్.

మెట్లు దిగి వచ్చేసరికి ఐసా సైకిలు పట్టుకుని రోడ్డు మీద ఉంది. కొండ మూడు శిఖరాల మీదా ఆఖరి వెలుగు కాస్త కాస్త మిగిలి ఉంది. ఆమె కృతజ్ఞతలు చెప్తుందని అతను అనుకోలేదు. ఆమె చెప్పలేదు.

"చూశాననుంటే అయిపోయేది తాతా. నా గంటా ఆరు నాకు ఉండేది. నీ గీత నీకు ఉండేది." గొంతు తగ్గించింది. "ఆ పొద్దున నా కాళ్లు నావి కావు. ఎవరో తొక్కుతుంటే నేను మీద కూర్చున్నట్టుంది. చలి లేదు, ఎత్తు లేదు. అలాంటి పొద్దున మళ్లీ వస్తుందో రాదో. మగ్గం ముందు పది గంటలు నిలబడే కాళ్లివి. వచ్చే ఆదివారం గాలి ఎదురైతే? బ్రైడన్ గెలిస్తే? అప్పుడు మొదటిదీ అబద్ధమే అంటారు. నువ్వు నా కాలాన్ని చంపేశావు."

ఆడమ్‌కు తెలుసు, ఆమె చెప్పిందంతా నిజమే. టోపీ పెట్టుకున్నాడు. ఆమె వెళ్లాక కెల్సో బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.

మరుసటి ఉదయం అతను చీకటితోనే లేచాడు. ఓట్స్ గంజి తాగి, బర్చ్ చెట్టు పుల్లల చీపురు కొత్తది కట్టి, బండిలో పార వేసుకుని రోడ్డెక్కాడు. మంచు లేదు. సున్నపు గీత దగ్గర మొదలుపెట్టి మెల్‌రోజ్ వైపు ఊడ్చుకుంటూ వచ్చాడు. వరద విడిచిన సన్న ఇసుక వంపుల్లో మిగిలి ఉంది. లారీ చక్రాలకు అది అడ్డం కాదు. సన్నటి చక్రం మాత్రం దాని మీద జారుతుంది, జారకపోయినా ఒకటి రెండు సెకన్లు తినేస్తుంది. రాయి కనపడితే వంగి ఏరి కంచె అవతల వేశాడు. గాజు పెంకు కనపడితే జేబులో వేసుకున్నాడు. పది గంటలకు ఇనుప గుర్తు పాతిన చోటికి వచ్చాడు. అతని రోడ్డు అక్కడితో సరి. అవతలిది ఇంకో కూలీది. ఆ మనిషి అప్పటికింకా రాలేదు. వచ్చినా ఊడ్చే రకం కాదు. ఆడమ్ చీపురు పుల్లలు నేలకు తట్టి సమం చేసుకున్నాడు. గుర్తు దాటి, అవతలి వంపు లోపలి అంచు నుంచి మొదలుపెట్టాడు.